ఆఖరి ఇన్నింగ్స్‌లో ఓడిపోయే పిల్లలు

సభకు నమస్కారం. పిల్లలతో కలిసి చూడదగ్గ బేస్‌బాల్ హాస్య చిత్రాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. పిల్లల సంగతికి వచ్చేముందు, బంతీ బ్యాటూ ఏవీ లేకుండా ఒక్క మనిషి ఆడిన ఆటను మీకు చెప్పాలనుంది. 1928లో వచ్చిన 'ద కెమెరామన్' అనే మూకీ చిత్రంలో బస్టర్ కీటన్ వార్తాచిత్రాలకు పనిచేయాలని తపించే ఒక అమాయక ఛాయాగ్రాహకుడు. ఆట చిత్రీకరిద్దామని కెమెరా భుజాన వేసుకుని న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియానికి వెళతాడు. తీరా వెళ్ళాక, ఆ రోజు యాంకీ జట్టు సెయింట్ లూయిస్‌లో ఆడుతోందని తెలుస్తుంది. వేలాది ఖాళీ కుర్చీల మధ్య ఒంటరిగా నిలబడ్డ ఆ మనిషి కెమెరాను పక్కన పెట్టి, తానే పిచర్ అయి లేని బంతిని విసురుతాడు, లేని ప్రత్యర్థులను ఓరకంట గమనిస్తాడు, ఆ తర్వాత తానే బ్యాటర్‌గా మారి లేని బంతిని కొట్టి, మైదానంలో నాలుగు మూలలా మజిలీల్లా ఉండే బేసులన్నీ చుట్టి పరుగెత్తుకొచ్చి దుమ్ములో జారి గమ్యం చేరుకుంటాడు. లేని ప్రేక్షకులకు టోపీ తీసి అభివాదం కూడా చేస్తాడు. అంతలో మైదానం చూసుకునే మనిషి తనను గమనిస్తున్నాడని తెలిసి సిగ్గుతో సామాను సర్దుకుంటాడు.

నేను చెప్పదలచుకున్న విషయమంతా ఆ నిమిషాల్లోనే ఉందని నా నమ్మకం. ఈ చిత్రాల్లో ఆట మీద ప్రేమకూ, ఆటలో గెలుపుకూ సంబంధం చాలా పలచన. మన తెర మీద క్రీడ అంటే ఆఖరి బంతికి సిక్సరు పడాలి, జెండా రెపరెపలాడాలి. అమెరికా వాళ్ళ సినిమాల్లోనూ ఆ తరహా కథలకు లోటు లేదు. అయితే వాళ్ళు ఇంటిల్లిపాది కోసం తీసుకున్న బేస్‌బాల్ హాస్య కథల్లో మంచివాటిని ఏరి చూస్తే, పూర్తి విజయం పట్ల ఏదో అనుమానం కనిపిస్తుంది. ఆ అనుమానానికి మూలం ఆటలోనే ఉంది.

క్రికెట్ తెలిసిన మనకు బేస్‌బాల్ నియమాలు ఎక్కువ చెప్పనక్కరలేదు. జట్టుకు తొమ్మిది మంది, ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్, ముగ్గురు అవుటైతే పక్క మారుతుంది. మనం గుర్తుంచుకోవలసినది బ్యాటర్ లెక్క ఒక్కటే. మన బ్యాటర్ గంటల తరబడి క్రీజులో నిలవగలడు. అక్కడి బ్యాటర్ మాత్రం ఎంత గొప్పవాడైనా ఎక్కువసార్లు విఫలమై తలవంచుకుని తిరిగి వస్తాడు. 1941లో బోస్టన్ జట్టు ఆటగాడు టెడ్ విలియమ్స్ లెక్కలోకి వచ్చే 456 ప్రయత్నాల్లో 185 సార్లు బంతిని కొట్టి క్షేమంగా బేసు చేరాడు, వాటినే హిట్లు అంటారు. అంటే వెయ్యింటికి 406. ఆ తర్వాత అమెరికన్, నేషనల్ అనే రెండు అగ్రశ్రేణి లీగుల్లో పూర్తి సీజను ఆడి నాలుగు వందల గీతను దాటినవాడు లేడు. ఆ మహా సంవత్సరంలో కూడా ఆయన 271 సార్లు విఫలమయ్యాడన్నమాట. నూటికి అరవై మార్కులు పోగొట్టుకున్నవాణ్ణి దేవుడిగా కొలిచే ఆటలో హాస్యం పుట్టకపోతే ఆశ్చర్యపడాలి.

పైగా అది తీరుబడిగా సాగే ఆట. బంతికీ బంతికీ మధ్య కావలసినంత ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో మనుషులు మాట్లాడుకుంటారు. అబట్, కాస్టెల్లో అనే హాస్య జంట 'ద నాటీ నైన్టీస్' అన్న 1945 నాటి చిత్రంలో ప్రదర్శించిన 'హూ ఈజ్ ఆన్ ఫస్ట్' అనే సంభాషణ ఆ మాటల సరదాకు పరాకాష్ఠ. ఫస్ట్ బేస్ దగ్గర నిలబడే ఆటగాడి పేరే 'హూ'. ఎవరు అని ఒకడు అడిగితే రెండోవాడు అవునంటాడు, అవునంటే ఎవరని మొదటివాడు మళ్ళీ అడుగుతాడు. దీన్ని తెలుగులోకి తేవడం కుదరదని చాలాకాలం అనుకున్నాను. ఒకరోజు తట్టింది, మర్యాదగా మాట్లాడితే కుదురుతుంది. 'ఫస్ట్ బేస్‌లో ఎవరున్నారు?' 'ఔనండీ, ఎవరున్నారు.' అదే 'ఎవరు ఉన్నాడు' అని ఏకవచనంలో దించామంటే, క్రియ నోరు జారి గుట్టు బయటపెట్టేస్తుంది. గౌరవ వాచకం ఉన్నంతసేపే ఆ చిక్కుముడి బిగిసి ఉంటుంది. కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ మ్యూజియంలో ఈ హాస్య సంభాషణను సందర్శకులకు వినిపిస్తారు. ఆటగాళ్ళ విగ్రహాల సరసన ఒక వెటకారానికి కూడా చోటిచ్చిన ఆ రసికతను మెచ్చుకోవాలి.

ఇక పిల్లల దగ్గరకు వద్దాం. 1976లో మైఖేల్ రిచీ దర్శకత్వంలో వచ్చిన 'ద బ్యాడ్ న్యూస్ బేర్స్' ఈ కోవకు పెద్దన్న. దీన్ని రాసిన బిల్ లాంకాస్టర్ ప్రసిద్ధ నటుడు బర్ట్ లాంకాస్టర్ కుమారుడు. కథ కాలిఫోర్నియాలో జరుగుతుంది. బాగా ఆడే పిల్లలకే చోటు దక్కే లీగు మీద ఒక నగర కౌన్సిల్ సభ్యుడు కోర్టుకెక్కి, ఎవరికీ అక్కరలేని పిల్లలందరినీ కలిపి ఒక జట్టును సాధిస్తాడు. దానికి కోచ్‌గా బటర్‌మేకర్ అనే మనిషిని డబ్బిచ్చి కుదురుస్తాడు. ఈ బటర్‌మేకర్ ఒకప్పుడు చిన్న లీగుల్లో పిచర్, ఇప్పుడు ఇళ్ళలో ఈత కొలనులు శుభ్రం చేసుకునే తాగుబోతు. వాల్టర్ మాథౌ ఆ పాత్రను వేయలేదు, మురికి చొక్కాలా తొడుక్కున్నాడు. పిల్లల చొక్కాల వెనుక ముద్రించిన ప్రకటన జైలు పాలైనవారికి బెయిల్ పూచీ ఇచ్చే దుకాణానిది. ఆ జట్టు స్థితి చెప్పడానికి అంతకుమించిన మాట అక్కరలేదు. మొదటి ఆటలో ఒక్కరినీ అవుట్ చేయలేక ఇరవై ఆరు పరుగులు సమర్పించుకున్నాక కోచ్ చేతులెత్తేసి ఆట వదులుకుంటాడు. ఇంత జరుగుతుంటే వెనుక వినిపించేది బిజే రాసిన 'కార్మెన్' ఒపేరా సంగీతం. గంభీరమైన ఎద్దుల పోటు సంగీతానికి ఈ పిల్లలు బంతి వెనక పడి దొర్లుతుంటే, ఎవరైనా నవ్వాపుకోగలరా?

ఆ తర్వాత కోచ్ ఇద్దరిని తెస్తాడు. ఒకరు అమాండా, అతని పాత స్నేహితురాలి కూతురు, రోడ్డు పక్కన సినిమా తారల ఇళ్ళ పటాలు అమ్ముకుంటున్న పదకొండేళ్ళ పిల్ల. ఒకప్పుడు అతనే ఆమెకు బంతి విసరడం నేర్పాడు. అప్పటికే చిన్న వయసులో ఆస్కార్ అందుకున్న టేటమ్ ఓనీల్ ఈ పాత్ర చేసింది. ఆడటానికి ఒప్పుకునేముందు ఆమె బేరమాడే తీరు చూడండి, సంతలో ఆరితేరిన అమ్మమ్మలు కూడా మెచ్చుకుంటారు. ఆమె పిచర్ కావడాన్ని అప్పటి ప్రేక్షకులు కేవలం సినిమా చమత్కారంగా చూడలేదు. 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో మొదలైన లిటిల్ లీగ్ సంస్థ, న్యూజెర్సీలో మరియా పెపే అనే బాలిక తరఫున నడిచిన వివాదం తర్వాత, 1974లో గానీ ఆడపిల్లలకు తలుపు తెరవలేదు. ఈ సినిమా రెండేళ్ళకు వచ్చింది. రెండోవాడు కెల్లీ లీక్, మోటారు సైకిలు నడుపుతూ సిగరెట్లు కాల్చే కుర్రాడు, ఆ చుట్టుపక్కల అందరికన్నా మంచి ఆటగాడు.

వీళ్ళిద్దరూ వచ్చాక జట్టు గెలవడం మొదలుపెడుతుంది. మామూలు కథ అయితే అక్కడి నుంచి పైకే పోవాలి. ఇక్కడే రచయిత దారి మళ్ళించాడు. గెలుపు రుచి తగిలాక బటర్‌మేకర్ మారిపోతాడు. పక్కవాడికి అందే బంతిని కూడా నువ్వే పట్టమని కెల్లీకి చెబుతాడు, నొప్పి పుడుతున్న చేత్తోనే అమాండాతో బంతులు వేయిస్తాడు. ఎదుటి జట్టు కోచ్ రాయ్ టర్నర్ అంతకన్నా ముదిరినవాడు. ఆఖరి పోటీలో ఇతని కొడుకే పిచర్. తండ్రి మాట కాదని ఆ కుర్రాడు బ్యాటర్ తలకేసి బంతి విసిరితే, టర్నర్ మైదానం మధ్యకు వెళ్ళి అందరూ చూస్తుండగా కొడుకును చెంప మీద కొడతాడు. హాస్య చిత్రం చూస్తున్న గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం పరుచుకుంటుంది. తరువాతి బంతిని బ్యాటర్ మెల్లగా తోస్తే, అది నేరుగా ఆ కుర్రాడి చేతికే వస్తుంది. విసిరితే అవుటు. వాడు విసరడు. బంతిని గట్టిగా పట్టుకుని నిలబడిపోతాడు. సాటి పిల్లలు మీద పడి లాక్కోబోయినా వదలడు. ప్రత్యర్థి బేసులన్నీ చుట్టివచ్చేవరకూ ఆగి, ఆ బంతిని తండ్రి కాళ్ళ దగ్గర పడేసి మైదానం విడిచి వెళ్ళిపోతాడు. తండ్రీ కొడుకుల మీద వచ్చిన బరువైన నాటకాలు చాలా చూశాను గానీ, ఒక్క మాట లేకుండా ఇంత చెప్పినవి తక్కువ.

ఆ దృశ్యంలో బటర్‌మేకర్‌కు తన ముఖమే కనిపిస్తుంది. బల్ల మీద కూర్చోబెట్టిన పిల్లలందరినీ, అందరికన్నా బలహీనుడైన లూపస్‌తో సహా, మైదానంలోకి దింపుతాడు. లూపస్ ఒక క్యాచ్ పడతాడు. జట్టు ఏడు పరుగులకు ఆరు చేసి ఓడిపోతుంది. గెలిచిన వాళ్ళు జాలిగా చేసిన అభినందనను మన పిల్లలు తిప్పికొడతారు, నోరెత్తని లూపస్ కూడా వచ్చే ఏడు చూసుకుందాం రండని అరుస్తాడు.

ఈ చిత్రాన్ని ఇంటిల్లిపాదితో చూడమనడంలో ఒక చిక్కుందని ఒప్పుకుంటాను. పిల్లల నోట బూతులున్నాయి, జాతుల పేర్లు పెట్టి తిట్టుకోవడం ఉంది, చివర్లో బీరు కూడా ఉంది. ఆనాటి కాలిఫోర్నియా పిల్లలు అలాగే మాట్లాడేవారని సమర్థించేవాళ్ళున్నారు. నా మటుకు నేను పదమూడేళ్ళు దాటాక, పెద్దలు పక్కన కూర్చుని చూపించాలంటాను. ఇదే కథను 2005లో మళ్ళీ తీశారు, దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

ఒక చిన్న సొంత అనుభవం చెప్పి ముందుకు వెళతాను. కొన్నేళ్ళ కింద మా అమ్మాయి ఇంటికి అమెరికా వెళ్ళినప్పుడు శనివారాలు మా మనవడి ఆటకు మడత కుర్చీ పట్టుకుని వెళ్ళేవాణ్ణి. ప్రతి పిల్లవాడికీ ప్రతి ఆటలో కొంతసేపైనా అవకాశం ఇవ్వాలన్న నియమం లిటిల్ లీగ్‌లో ఉంది. మావాడు ఆ నియమం పుణ్యాన దిగేవాడు. దూరంగా కుడివైపు మూలన నిలబడి మబ్బులు చూసేవాడు, ఒకసారి గడ్డి పువ్వు కోసి నాకు చూపించాడు కూడా. చుట్టూ ఉన్న తల్లిదండ్రుల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ అరుపుల్లో టర్నర్ గొంతు నాకు స్పష్టంగా వినిపించింది. 'కొట్టరా, కొట్టు' అన్నది మన భాషలోనూ అంతే కటువుగా ఉంటుంది.

ఇప్పుడు తల్లిదండ్రులు దాదాపు కనిపించని చిత్రానికి వద్దాం. డేవిడ్ మికీ ఎవాన్స్ 1993లో తీసిన 'ద శాండ్‌లాట్'. శాండ్‌లాట్ అంటే ఇళ్ళ మధ్య మిగిలిపోయిన ఖాళీ జాగా, మనం చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడిన బీడు లాంటిది. 1962 వేసవి, లాస్ ఏంజెలిస్ పక్కన శాన్ ఫెర్నాండో లోయ. చిత్రీకరణ మాత్రం యూటాలో జరిగింది. కొత్తగా ఊరొచ్చిన స్కాటీ స్మాల్స్‌కు బంతి పట్టడం రాదు, విసరడం రాదు. ఎనిమిది మంది పిల్లలు రోజూ ఆడుకుంటుంటే తొమ్మిదోవాడుగా చేరతాడు. వీళ్ళకు లీగు లేదు, అంపైరు లేడు, పరుగుల లెక్క కూడా ఎవరూ రాసుకోరు. నిన్న ఆగిన చోట ఇవాళ మొదలుపెడతారు. పక్క ఊరి జట్టుతో ఒక పోటీ ఉంటుంది గానీ, దర్శకుడు దాన్ని నాలుగు ముక్కల్లో తేల్చేస్తాడు. క్రీడా చిత్రంలో పోటీని ఇంత అలవోకగా పక్కకు నెట్టిన ధైర్యం నాకు ముచ్చటేస్తుంది.

అసలు కథ ప్రహరీ అవతల ఉంది. బంతి పక్కింట్లో పడటం, ఆ ఇంట్లో భయంకరమైన కుక్క ఉండటం, ఇది ఏ తెలుగు పిల్లవాడికీ వివరించనక్కరలేని సంకటం. ఒకరోజు బంతి దొరక్క స్మాల్స్ తన సవతి తండ్రి దాచుకున్న బంతిని తెచ్చి ఆడేస్తాడు. అది గోడ దాటుతుంది. దాని మీద ఎవరో రూత్ అనే ఆవిడ సంతకం ఉందని అప్పుడు మెల్లగా చెబుతాడు. మిగతా ఎనిమిది మందీ కొయ్యబారిపోతారు. బేబ్ రూత్ ఎవరో తెలియని పిల్లవాడు అమెరికాలో ఉంటాడని వాళ్ళు ఊహించలేదు. మన వీధిలో ఆడుకునే కుర్రాడొకడు సచిన్ ఎవరని అడిగితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. ఈ స్మాల్స్ అజ్ఞానం చూసి హామ్ అనే బొద్దు కుర్రాడు విసుక్కునే మాట అమెరికాలో సామెతలా స్థిరపడింది. ఇంగ్లీషులో అది చంపుతున్నావనే అర్థమిచ్చే మాట. మనం అనువదించుకునే పని లేదు, 'నా ప్రాణం తీస్తున్నావురా' అని మనం ఎప్పటినుంచో అంటూనే ఉన్నాం.

బంతి కోసం పిల్లలు పన్నే యంత్రాలూ తంత్రాలూ ఒకటొకటిగా బెడిసికొట్టాక, వాళ్ళలో అందరికన్నా బాగా ఆడే బెనీ గోడ దూకుతాడు, కుక్క ఊరంతా తరుముతుంది. చివరికి ఆ ఇంటి తలుపు తడితే, లోపల చూపు కోల్పోయిన ఒక ముసలాయన, ఒకప్పటి ఆటగాడు, బేబ్ రూత్‌ను స్వయంగా ఎరిగినవాడు. జేమ్స్ ఎర్ల్ జోన్స్ గంభీరమైన గొంతుతో తలుపు దగ్గరకే వచ్చి అడగవచ్చుగా అంటాడు. పిల్లలు ముఖముఖాలు చూసుకుంటారు. మొత్తం సినిమా చుట్టూ తిరిగిన భయం ఒక్క ప్రశ్నతో గాలి తీసిన బుడగ అవుతుంది. ఈ చిత్రంలో నాకు నచ్చని ఒక దృశ్యం కూడా ఉంది. ఈత కొలను దగ్గర ఒక కుర్రాడు మునిగిపోయినట్టు నటించి, కాపాడవచ్చిన అమ్మాయిని ముద్దు పెట్టుకుంటాడు. అప్పట్లో అందరూ నవ్వారు. ఇవాళ చూపించేటప్పుడు, అది నవ్వవలసిన పని కాదని పిల్లలకు చెప్పి తీరాలి.

మరో రకం చిత్రాలున్నాయి, వాటిలో మాయ ఉంటుంది. 1949 నాటి 'ఇట్ హాపెన్స్ ఎవ్రీ స్ప్రింగ్'లో రే మిలాండ్ రసాయన శాస్త్ర బోధకుడు. అతని ప్రయోగశాలలో పొరపాటున తయారైన ద్రవం పూస్తే బంతి కర్రకు తగలకుండా తప్పుకుంటుంది. 1951 నాటి 'ఏంజెల్స్ ఇన్ ద అవుట్‌ఫీల్డ్'లో పిట్స్‌బర్గ్ జట్టుకు దేవదూతలు సాయం వస్తారు, ఒక అనాథ బాలికకు తప్ప ఎవరికీ కనిపించరు, మనకు కూడా. ఆ జట్టును మైదానంలో నడిపించే మేనేజరు నోటి దురుసు మనిషి. అతని తిట్లను శబ్దం తారుమారు చేసి వినిపించారు, అర్థం కాదు గానీ భావం బోధపడుతుంది. 1994లో డిస్నీ దాన్ని కాలిఫోర్నియా జట్టుకు మార్చి తీసినప్పుడు దేవదూతలు రెక్కలతో సహా తెర మీదికొచ్చారు. కనిపించని దేవదూతలే నాకు ఎక్కువ నచ్చారు. అయినా మేనేజరుగా డానీ గ్లోవర్ చిరాకూ, అప్పటికి చిన్న పిల్లవాడైన జోసెఫ్ గోర్డన్ లెవిట్ కళ్ళలో ఆశా ఆ చిత్రాన్ని నిలబెట్టాయి. 1993 నాటి 'రూకీ ఆఫ్ ద ఇయర్'లో పన్నెండేళ్ళ హెన్రీ చెయ్యి విరిగి, అతుక్కున్నాక నరాలు బిగిసి మెరుపు వేగంతో బంతి విసరగలుగుతాడు. షికాగో కబ్స్ జట్టు అతన్ని తీసుకుంటుంది. 1908 తర్వాత ఛాంపియన్‌షిప్ ఎరుగని ఆ జట్టు అభిమానులు దేనికైనా సిద్ధపడతారన్నది అసలు హాస్యం. నిజజీవితంలో వాళ్ళకు ఆ ముచ్చట తీరడానికి 2016 దాకా పట్టింది.

ఈ మాయ చిత్రాలన్నీ ఒకే చోట తమ గుట్టు విప్పుతాయి. ఆఖరి ఆటకు వచ్చేసరికి మాయ అయిపోతుంది. బోధకుడి సీసా ఖాళీ అవుతుంది, అతను ఉత్త చేత్తో బంతిని ఆపి చెయ్యి విరగ్గొట్టుకుంటాడు. 1994 చిత్రంలో ఛాంపియన్‌షిప్ తేలే ఆటకు దేవదూతలు రారు, అది మనుషులే గెలుచుకోవాలట. హెన్రీ కాలు జారి పడితే చేతి బలం పోతుంది. అప్పుడు, తండ్రిదని నమ్మిన గ్లవ్ మీది పట్టీ ఊడదీసి చూస్తే అక్కడున్నది తండ్రి పేరు కాదు, అమ్మ పేరు. ఆమె చెప్పినట్టు మెల్లగా గాలిలోకి ఎగరేసిన బంతితో ఆట ముగిస్తాడు. గెలుపును ఇచ్చినా, మాయను ముందుగా వెనక్కి లాక్కుని గానీ ఇవ్వరు.

1994 వేసవిలోనే వచ్చిన 'లిటిల్ బిగ్ లీగ్'కు రావలసినంత పేరు రాలేదు. తాత పోతూ పోతూ మిన్నెసోటా ట్విన్స్ జట్టును పన్నెండేళ్ళ మనవడు బిల్లీకి రాసిస్తాడు, వాడు తానే మేనేజరు అవుతాడు. కీలకమైన ఆటకు ముందు జట్టంతా చేరి వాడి ఇంటిలెక్క చేయడానికి తంటాలు పడే ఘట్టం మన బడిలో కాలము–పని లెక్కలు చేసినవారందరికీ నచ్చుతుంది. ఒకడు మూడు గంటల్లో, మరొకడు అయిదు గంటల్లో ఒక ఇంటికి రంగు వేస్తే, ఇద్దరూ కలిసి ఎంతసేపట్లో వేస్తారు? గంటా ఏడు బై ఎనిమిది. లెక్క తేలుతుంది గానీ ఆట తేలదు. సియాటిల్ జట్టుతో జరిగిన నిర్ణాయక పోటీలో కెన్ గ్రిఫీ జూనియర్, నిజమైన ఆటగాడు తన పాత్రలోనే వచ్చి, మన సిక్సరు లాంటి హోమ్ రన్ కావలసిన బంతిని గోడ మీదికి ఎగిరి పట్టేస్తాడు. ట్విన్స్ ఓడిపోతారు. ప్రేక్షకులు మాత్రం ఇళ్ళకు వెళ్ళరు, జట్టు మళ్ళీ బయటకు వచ్చి చేయి ఊపేదాకా చప్పట్లు కొడుతూనే ఉంటారు. ఆ చిత్రం విడుదలైంది జూన్ 29న, దేవదూతల చిత్రం జూలై 15న. ఆగస్టు 12న నిజమైన ఆటగాళ్ళు సమ్మెకు దిగారు, సీజను చివర ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్ ఆ ఏడాది రద్దయింది. ఆ సంవత్సరం చివరిదాకా నడిచిన బేస్‌బాల్ సీజను సినిమా హాళ్ళలోనే దొరికింది.

పెనీ మార్షల్ 1992లో తీసిన 'ఎ లీగ్ ఆఫ్ దెయిర్ ఓన్' పిల్లల చిత్రం కాదు గనుక క్లుప్తంగా ముగిస్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్ళు సైన్యానికి వెళ్ళినప్పుడు 1943లో మొదలై 1954 వరకూ నడిచిన మహిళల లీగు కథ అది. ఏడుస్తున్న ఆటగత్తె మీద, బేస్‌బాల్‌లో ఏడవడం ఉండదని టామ్ హాంక్స్ అరిచే మాట అందరికీ గుర్తుంటుంది. నాకు గుర్తుండేది చివరి ఆటలో ఎదుటి జట్టులో ఉన్న చెల్లెలు దూసుకొచ్చి ఢీకొన్నప్పుడు అక్క చేతి నుంచి జారిన బంతి. కావాలని వదిలిందా, జారిపోయిందా అని మా ఇంట్లో రెండు వర్గాలున్నాయి.

బేస్‌బాల్ తెలియని పిల్లలకు ముందు ఏది చూపించాలని నిర్వాహకులు అడిగారు. 'ద శాండ్‌లాట్'తో మొదలుపెట్టమన్నాను. నియమాలు వివరించవలసిన పని లేదు. తెర మీద ఉన్న స్మాల్స్‌కు కూడా ఏమీ తెలియదు.